తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకుందాం

(పదమూడు నుంచి పదిహేనేళ్ల విద్యార్థుల కోసం, గణితం, సైన్స్ చదివే పద్ధతి మీద చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలూ, అందరూ కాగితం, పెన్సిల్ తీసుకోండి. ఈ గంటసేపూ మీకు వినడం కంటే రాయడమే ఎక్కువ. మొదటి లెక్క చాలా చిన్నది. సగానికి మూడో వంతు కలపండి. 1/2 + 1/3. రాసేశారా?

5/6 అన్నవాళ్లున్నారు. 2/5 అన్నవాళ్లూ ఉన్నారు. 2/5 రాసినవాళ్లు కాగితం మూసేయకండి. ఇవాళ మనకు పనికొచ్చేది ఆ కాగితమే. పైన ఒకటికి ఒకటి కలిపి రెండు, కింద రెండుకి మూడు కలిపి ఐదు. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో! ఇప్పుడు మీ జవాబును మీరే ఒక ప్రశ్న అడగండి. 2/5 అంటే 0.4. సగం అంటే 0.5. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిపోయింది. కలిపితే తగ్గడమేమిటి? ఎవరూ ఒప్పుకోరు. హారాలు వేరుగా ఉన్నాయంటే ముక్కల సైజు వేరని అర్థం. పెద్ద ముక్కనీ చిన్న ముక్కనీ కలిపి 'రెండు ముక్కలు' అంటే ఎంత ఉందో ఎవరికీ తెలీదు. అందుకని ముందు ఒకే సైజుకి కోస్తాం. సగమంటే ఆరింట మూడు, మూడో వంతంటే ఆరింట రెండు, వెరసి ఆరింట ఐదు. ఆ ఆరు కోసమే కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, కట్టేది.

చూడండి, 2/5 రాసిన పిల్లకి తెలివి తక్కువేం కాదు. ఒక చోట ఒక మెట్టు జారింది. ఆ మెట్టేదో మనకి రెండు నిమిషాల్లో దొరికింది. 'నాకు లెక్కలు రావు' అనే మాట మీలో చాలామంది నోట వినిపిస్తుంది. అది డాక్టరు దగ్గరికి వెళ్లి 'ఒంట్లో బాగోలేదు' అని ఊరుకోవడం లాంటిది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఇవి చెప్పకపోతే ఆయన మందు ఏమని రాస్తారు? లెక్కల్లోనూ అంతే. ఎక్కడ రాదో చెప్పగలిగితే సగం పని అయినట్టే.

ఈ వయసు పిల్లలు తడబడే చోట్లు నిజానికి మరీ ఎక్కువ లేవు. భిన్నాలు, ఋణ గుర్తులు, బ్రాకెట్లు విప్పడం, నిష్పత్తి, శాతం, ప్రమాణాలు మార్చడం. బీజగణితంలో తప్పిందని మీరనుకునే లెక్కని మెట్టుమెట్టుగా వెనక్కి చూస్తే, చాలాసార్లు తప్పు బీజగణితంలో ఉండదు. రెండు మూడు తరగతుల కిందటి భిన్నాల్లో ఉంటుంది. పై తరగతి పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా అది బాగుపడదు, ఎందుకంటే ఆ పుస్తకంలో ఆ పాఠమే లేదు. కింది తరగతి పుస్తకం తెచ్చుకోవడంలో నామోషీ పడకండి. ఒక్కో అధ్యాయం చివర ఉన్న లెక్కల్లో ఐదు చేయండి. ఐదూ వస్తే పైకి వెళ్లండి. రెండు తప్పితే అక్కడే ఆగండి. ఒక వారాంతంలో మీ ఖాళీలన్నీ ఎక్కడున్నాయో తెలిసిపోతుంది.

ఇప్పుడు మరో మూడు తప్పులు చూద్దాం. ఇవి ప్రపంచంలో ఏ మూల తరగతిలోనైనా కనిపించేవే.

ఒకటి. −3² ఎంత? (−3)² ఎంత? మొదటిది −9, రెండోది 9. పైనున్న చిన్న 2 తనకి ఆనుకుని ఉన్నదాన్ని మాత్రమే వర్గం చేస్తుంది. మొదటి దాంట్లో ఆనుకుని ఉన్నది 3. రెండో దాంట్లో బ్రాకెట్, అంటే గుర్తుతో సహా మొత్తం. సమీకరణంలో ఋణ సంఖ్యని ప్రతిక్షేపించేటప్పుడు బ్రాకెట్ వేయకుండా రాసేవాళ్లు పడే గుంట ఇదే. బ్రాకెట్ వేయడానికి అర సెకను పడుతుంది. మార్కు పోతే తిరిగి రాదు.

రెండు. (3+4)²ని 3² + 4² అని రాసేయడం. ఎడమ పక్క 49, కుడి పక్క 25. మిగతా 24 ఎటు పోయింది? భుజం 7 సెం.మీ. ఉన్న చతురస్రం గీయండి. పై భుజాన్నీ పక్క భుజాన్నీ 3, 4గా విడగొట్టి అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీయండి. నాలుగు గదులొచ్చాయి. 9, 16, ఇంకా పన్నెండేసి ఉన్న రెండు దీర్ఘచతురస్రాలు. మీరు మర్చిపోయిన 24 ఆ రెండు గదులే. సూత్రంలో నడిమి పదాన్ని బట్టీ పట్టినవాడు పరీక్ష హాల్లో మర్చిపోవచ్చు. ఈ బొమ్మ ఒక్కసారి చేత్తో గీసినవాడు మర్చిపోయినా మళ్లీ గీసుకుంటాడు.

మూడు, కొట్టివేత. పైన ఎక్స్ + 6, కింద 6. పైన ఆరూ కింద ఆరూ కొట్టేసి జవాబు 'ఎక్స్' అని రాస్తారు. ఎక్స్ బదులు 6 పెట్టి చూడండి. అసలు విలువ 12/6, అంటే 2. మీ జవాబు 6. ఎందుకిలా అయింది? కింద ఉన్న 6, పైనున్న మొత్తాన్ని భాగిస్తుంది, ఒక్క ముక్కని కాదు. గుణకారంతో అతుక్కున్నదాన్నే కొట్టేయొచ్చు, కూడికతో అతుక్కున్నదాన్ని కొట్టకూడదు.

వీటిలో చివరి రెండింట్లోనూ తప్పు బయటపెట్టిన పద్ధతి ఒక్కటే. అక్షరాల బదులు చిన్న సంఖ్యలు పెట్టి రెండు పక్కలా లెక్క కట్టాం. టీచర్ పక్కన లేనప్పుడు కూడా మీ పని మీరే దిద్దుకోగల సాధనం ఇది. సున్నా, ఒకటి మాత్రం పెట్టకండి. చాలా తప్పులు ఆ రెండిటి దగ్గర ఒప్పుల్లాగే కనిపిస్తాయి. 2, 3, 5 లాంటివి మంచివి.

ఇక 'సిల్లీ మిస్టేక్' అనే మాట గురించి గట్టిగా చెప్తాను. దాన్ని వాడటం మానేయండి. ఆ మాట అనగానే ఆ తప్పు గురించి ఆలోచించడం ఆగిపోతుంది. మళ్లీ వచ్చే పరీక్షలో అదే తప్పు అదే చోట ఎదురవుతుంది. దాని బదులు ఒక నోట్‌బుక్ పెట్టండి, తప్పుల కోసమే. పేజీని నాలుగు గళ్లుగా గీయండి. మొదటి గడిలో లెక్క. రెండో దాంట్లో మీరు రాసిన తప్పు మెట్టు, ఆ ఒక్క మెట్టే, ఉన్నదున్నట్టు. మూడో దాంట్లో అదెందుకు తప్పో మీ సొంత మాటల్లో ఒక వాక్యం. నాలుగో గడి ఖాళీగా ఉంచండి. అందులో మళ్లీ చేసిన తేదీలు వస్తాయి. మర్నాడు ఒకసారి, మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, పాత జవాబు చూడకుండా చేయాలి.

మూడో గడి దగ్గరే చాలామంది ఓడిపోతారు. 'తొందరలో రాశాను' అని రాస్తారు. అది కారణం కాదు. 'బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల రెండో పదం గుర్తు మార్చడం మర్చిపోయాను' అనేది కారణం. ఒక నెల పోయాక ఆ గడులన్నీ వరసగా చదవండి. ముప్పై తప్పులుంటే ముప్పై రకాలుండవు. నాలుగో ఐదో రకాలే మళ్లీమళ్లీ వస్తుంటాయి. అప్పుడు పరీక్షలో చివరి పది నిమిషాలు ఏం వెతకాలో మీకు ముందే తెలుసు. పేపరంతా ఊరికే తిరగేయక్కర్లేదు.

ఇప్పుడు చదవడం గురించి. చేసిపెట్టిన లెక్కని చదువుతుంటే ప్రతి గీతా అర్థమవుతుంది. వీడియో చూస్తుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. పుస్తకం మూసి అదే లెక్క చేయమంటే రెండో మెట్టు దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఒకరు ఈదుతుంటే గట్టు మీద కూర్చుని చూసినవాడికి ఈత రాదు కదా. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకి చిన్న సైన్స్ పాఠాలు ఇచ్చారు. కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 56 శాతం. మీ పరీక్ష ఐదు నిమిషాల్లో రాదు, వారాల తర్వాత వస్తుంది. కాబట్టి చేసిపెట్టిన లెక్కని ఒకసారి శ్రద్ధగా చదవండి, మూసేయండి, తెల్ల కాగితం మీద చేయండి, ఆగిపోయిన చోట మాత్రమే తెరిచి ఒక్క మెట్టు చూసి మళ్లీ మూసేయండి. కష్టంగా ఉంటుంది. నేర్చుకోవడం జరిగేది ఆ కష్టంలోనే.

ఇంకొకటి. ఒకే రకం లెక్కలు వరసగా ఇరవై చేస్తే నాలుగోదాని నుంచి ఆలోచన ఉండదు, చెయ్యి ఒక్కటే నడుస్తుంది. పరీక్షలో లెక్క మీద అధ్యాయం పేరు రాసి ఉండదు. ఏ పద్ధతి వాడాలో తేల్చుకోవడమే అక్కడ సగం పరీక్ష. అందుకే కొత్త రకం నాలుగైదు చేశాక, పాత అధ్యాయాల నుంచి తలా ఒకటి తీసి కలగలిపి చేయండి.

లెక్క అసలు కదలకపోతే? పదిహేను, ఇరవై నిమిషాలు దానికి ఇవ్వండి. తెల్ల కాగితాన్ని చూస్తూ కూర్చోవడం కాదు, ఆ సమయంలో చేయాల్సిన పనులున్నాయి. ఒక లెక్క మీద చూపిస్తాను. కారు వెళ్లేటప్పుడు గంటకి 60 కి.మీ., అదే దారిలో తిరిగొచ్చేటప్పుడు గంటకి 40 కి.మీ. ప్రయాణం మొత్తానికి సరాసరి వేగం ఎంత?

అందరూ 50 అన్నారు. సరే. ముందు అడిగినదేంటో మన మాటల్లో రాద్దాం. సరాసరి వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం. దూరం ఇవ్వలేదు. ఇవ్వకపోతే మనమే ఒకటి పెట్టుకుందాం, 60తోనూ 40తోనూ సుఖంగా భాగించబడేది, 120. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3. మొత్తం 240 కి.మీ., 5 గంటలు. 48. యాభై కాదు, ఎందుకంటే నెమ్మదిగా నడిచిన గంటలు ఎక్కువ. ఇప్పుడు దూరం 240 అనుకుని చేయండి. నాలుగూ ఆరూ పది గంటలు, 480 కి.మీ. మళ్లీ 48! దూరం ఏదైనా ఇదే వస్తుందా? ఇక్కడ అక్షరం అవసరమైంది చూడండి. ఎవరో మనల్ని విసిగించడానికి బీజగణితం పెట్టలేదు. 'ఏ దూరానికైనా' అని ఒక్కసారే చెప్పడానికి పెట్టారు. దూరాన్ని 'ద' అనుకుందాం. కాలం ద/60 + ద/40. కసాగు 120. అంటే 2ద/120 + 3ద/120, మొత్తం 5ద/120, అంటే ద/24. రానూపోనూ దూరం 2ద. దాన్ని ద/24తో భాగిస్తే 48. 'ద' తనంతట తనే పోయింది.

ఇప్పుడు ఇందాకటి 2/5 గుర్తు తెచ్చుకోండి. అదే అలవాటుతో ఇక్కడ పైనవి పైన, కిందవి కింద కలిపితే 2ద/100 వస్తుంది. జవాబు 100. అరవై దాటని కారుకి సరాసరి వంద! చిన్నప్పటి భిన్నాల తప్పు వేగాల పాఠంలో ఇలా వేషం మార్చుకుని వస్తుంది. ఫిజిక్స్ రాదు అనుకునే పిల్లల్లో చాలామందికి రానిది ఫిజిక్స్ కాదు.

సైన్స్ దగ్గరికి వద్దాం. సైన్స్‌లో నిర్వచనం అప్పజెప్పడాన్ని అర్థమవడం అనుకుంటాం. పరీక్షించుకుందాం. ఒక చిన్న విత్తనం నుంచి టన్ను బరువున్న చెట్టు పెరిగింది. ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది? 'మట్టి నుంచి' అని ఎక్కువ గొంతులు వినిపిస్తున్నాయి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం మీకందరికీ నోటికొచ్చు, అయినా జవాబు మట్టి అన్నారు.

పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన దీన్ని తూకం వేసి చూశారు. ఎండబెట్టిన మట్టి 200 పౌన్లు, అంటే దాదాపు 90 కిలోలు కుండీలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశారు. మొక్క 169 పౌన్లకి పెరిగింది. మట్టిని మళ్లీ ఆరబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు, అరవై గ్రాములు కూడా కాదు. ఎంత గొప్ప కొలత! దాంతో ఆయన చెట్టంతా నీళ్లతోనే తయారైందని తేల్చారు. మట్టి కాదన్నంత వరకు ఆయన చెప్పింది సరే. తూకంలో వేయనిది ఒకటి మిగిలిపోయింది, గాలి. చెట్టులోని కార్బన్ ఆకులు పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ది. మీరు బట్టీ పట్టిన సమీకరణం ఎడమ పక్కన ఉన్నది అదే. సమీకరణం చదివేటప్పుడు 'ఈ పదార్థం ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయింది' అని వేలు పెట్టి అడగండి. కొవ్వొత్తి కాలిపోతే మైనం ఎటు పోయింది? అద్దం మీద ఆవిరి ఎక్కడిది? ఇలాంటి ప్రశ్నలకి పుస్తకం చూడకుండా మూడు వాక్యాల్లో జవాబు రాయగలిగితే పాఠం వచ్చినట్టు.

ప్రమాణాల సంగతి త్వరగా చెప్తాను. 72 కి.మీ./గంట అంటే సెకనుకి 20 మీటర్లు, 72ని 3.6తో భాగించాం. ప్రతి మెట్టులోనూ సంఖ్య పక్కన ప్రమాణం రాస్తే, దూరం రావాల్సిన చోట 'మీటర్ × సెకను' కనబడి తప్పు దానంతట అదే బయటపడుతుంది. చివర్లో తగిలించేవాడికి ఆ హెచ్చరిక అందదు. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌన్ల లెక్కలో ఇచ్చిన అంకెల్ని రెండో సాఫ్ట్‌వేర్ న్యూటన్ల లెక్క అనుకుంది. రెంటికీ తేడా 4.45 రెట్లు. ఉపరితలానికి 226 కి.మీ. ఎత్తున వెళ్లాల్సిన నౌక 57 కి.మీ. దాకా దిగిపోయింది. పెద్ద ఇంజినీర్ల దగ్గర కూడా తప్పు ఇక్కడే పుట్టగలదు.

ఈ మాటలన్నీ విన్నాక కూడా 'పుట్టుకతో వచ్చినవాళ్లు వేరే ఉంటారు' అని కొందరి మనసులో ఉంటుంది. ఇరాన్‌లో పుట్టిన గణిత శాస్త్రజ్ఞురాలు మరియం మీర్జాఖానీ పేరు గుర్తుపెట్టుకోండి. మాధ్యమిక పాఠశాల మొదటి ఏడాది ఆమె గణితంలో వెనకబడ్డారు. ఆమెకి ప్రత్యేకమైన ప్రతిభ ఉందని అప్పటి టీచర్ అనుకోలేదు. దాంతో ఆసక్తి కూడా పోయిందని ఆమే తర్వాత చెప్పారు. మరుసటి ఏడాది మంచి టీచర్ దొరికారు. 1994లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకం, 1995లో 42కి 42 మార్కులతో మళ్లీ బంగారం, 2014లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం. ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమే. ఒక ఏడాది మార్కులు ఆ ఏడాది సంగతే చెబుతాయి. మీ సంగతి చెప్పవు.

ఇప్పుడు ఇంటికి వెళ్లి చేయాల్సిన పని. దారం, ఒక ఇనప నట్టు, స్కేలు, సెకన్లు కొలిచే గడియారం చాలు. లోలకం కడదాం. దారాన్ని కదలని కొక్కేనికి కట్టండి. చేత్తో పట్టుకోవద్దు, చెయ్యి కూడా ఊగుతుంది. కట్టిన చోటు నుంచి నట్టు మధ్య వరకు సరిగ్గా 100 సెం.మీ. ఉండాలి, ముడి వరకు కాదు. పక్కకి 15 సెం.మీ. లాగి వదిలేయండి, తొయ్యకండి. రెండు ఊపులు ఊరికే పోనివ్వండి. తర్వాత ఒక చివరికి వచ్చినప్పుడు గడియారం నొక్కి 'సున్నా' అనండి. వెళ్లి మళ్లీ అదే చివరికి వస్తే 'ఒకటి'. పది దగ్గర ఆపండి. ఒక్క ఊపే కొలిస్తే ఏం? గడియారం నొక్కడంలో మీ వేలు సెకనులో ఐదో వంతు అటూ ఇటూ చేయొచ్చు. రెండు సెకన్ల ఊపులో అది పది శాతం. పది ఊపుల్లో ఒక్క శాతం.

మూడుసార్లు కొలిచి సరాసరి తీయండి. 20.1 సెకన్లు వచ్చిందనుకుందాం. ఒక ఊపు 2.01. దాని వర్గం 4.04. 39.5ని, అంటే π వర్గానికి నాలుగు రెట్లని, మీటర్లలో పొడవుతో గుణించి ఆ 4.04తో భాగించండి. 9.78. ఒక దారం, ఒక నట్టుతో గురుత్వ త్వరణం మీ కాగితం మీదికి వచ్చేసింది.

పుస్తకంలో ఉండే 9.8 రాకపోతే సంతోషించండి, ఎందుకంటే వచ్చిన సంఖ్యే మీకు దారి చూపిస్తుంది. 12 దగ్గర వచ్చిందా? గడియారం నొక్కుతూ 'ఒకటి' అన్నారు, తొమ్మిది ఊపులనే పది అనుకున్నారు. 9.6 వచ్చిందా? ముడి వరకే కొలిచారు, రెండు సెంటీమీటర్లు వదిలేశారు. 8.5 వచ్చిందా? మరీ దూరం లాగి వదిలారు. 60 డిగ్రీలు లాగితే ఒక్కో ఊపుకీ పట్టే కాలం 7 శాతం పెరుగుతుంది. ఏదీ కాకపోతే నట్టు ముందుకీ వెనక్కీ కాకుండా గుండ్రంగా తిరుగుతోందేమో చూడండి. తప్పుల నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఈ పట్టికతోనే నింపండి.

అది అయ్యాక దారాన్ని 25 సెం.మీ.కి తగ్గించండి. పొడవు నాలుగో వంతయింది. పది ఊపులకి ఎన్ని సెకన్లు? కట్టకముందే ఒక అంకె రాసి, పక్కన ఎందుకో ఒక వాక్యం రాయండి. ఆ తర్వాత ఊపండి. మీరు రాసిన అంకెకీ గడియారం చూపినదానికీ తేడా వస్తే, ఆ వాక్యంలో ఏ మాట తప్పో గీత గీసి రేపు నా దగ్గరికి తీసుకురండి.